ఉద్యోగం పొందినవారి జాబితా

జూన్ 3

బావగారికి,

ఫోన్ చేస్తే రెండు మాటలకే "ఇదిగో, మీ అక్కతో మాట్లాడు" అని మీరు చేతులు దులిపేసుకుంటారు. అక్కని అడిగితే "బానే ఉన్నారురా" అని ఒక్క ముక్కతో సరిపెడుతుంది. అందుకని ఈ ఉత్తరం. చదివాక అక్క చేతికిచ్చినా సరే, ముందు మీరు చదవండి.

మిల్లు మూతపడి నాలుగు నెలలు దాటింది. ఇరవై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషికి నేను సలహా చెప్పేంతవాణ్ణి కాను. చెప్తే మీకు కోపం వస్తుందనీ తెలుసు. నేను చేసే పని మాత్రం మీకు తెలిసిందే కదా. పని లేనివాళ్ళకి మూడు నెలలు శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించే ప్రభుత్వ పథకంలో నేను లెక్కలు రాసే కాంట్రాక్టు మనిషిని. ఎందరు చేరారు, ఎందరు పూర్తిచేశారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, ఇదే నా పని. పోయిన ఏడాది నూటికి డెబ్భై ఆరు మందికి వచ్చాయి. ఆ అంకె స్వయంగా నేను టైపు చేసిందే. ఊరికే చెప్పడం లేదు.

మీ ఊళ్ళో సెంటరుంది. దరఖాస్తు జత చేస్తున్నాను. ఏసీ, కంప్రెసర్ల కోర్సు కూడా ఉంది, మీ చేతికి అది వెన్నతో పెట్టిన విద్య. పదిహేనో తారీఖు ఆఖరు. వయసు నలభై ఆరు అని రాయడానికి మొహమాటపడకండి, యాభై దాకా తీసుకుంటారు.

నా మాట కాదనరనే నమ్మకంతో,
మీ బావమరిది


జూన్ 19

ఏమోయ్ లెక్కల మాస్టారూ,

నీ దరఖాస్తు మీ అక్క నింపింది, నేను సంతకం పెట్టాను. ఈ ఇంట్లో ఏ పనైనా జరిగేది ఇలాగే.

నీ ఏసీల కోర్సు నిండిపోయిందట. మొదటిరోజే వెళ్ళినా నిండిపోయింది. ఖాళీ ఉన్నవి రెండు: బ్యూటీపార్లరు పని, షాపులో అమ్మకాలు. నా మొహం చూసి ఆ కౌంటరు ఆయనే రెండోదాంట్లో రాసేశాడు. అలా నేను ఇప్పుడు "సేల్స్ అసోసియేట్" విద్యార్థిని. నవ్వుకో.

సెంటరు ఒక ఫర్నిచర్ షాపు మీద రెండో అంతస్తులో ఉంది. నలభై కుర్చీలు, కుర్చీకి పక్కన రాసుకునే చెక్క. గోడకి ఒక అలమర, అందులో ఖాళీ సబ్బు పెట్టెలు, ఖాళీ టూత్‌పేస్టు డబ్బాలు. అదే మా షాపు. పాఠం చెప్పే అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. పాపం మంచి పిల్ల. రెండు నెలలుగా జీతం రాలేదని మూడోరోజే చెప్పేసింది.

ఇక హాజరు సంగతి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మెషిను మీద వేలు పెట్టాలి. నా వేలు పెడితే ఎర్ర లైటు. తుడిచి పెట్టు, కడిగి పెట్టు, నూనె రాసి పెట్టు, ఎర్ర లైటే. ఇనుము పట్టీ పట్టీ గీతలన్నీ అరిగిపోయాయి. నాలుగు రోజులు గైరుహాజరు వేశారు. కుర్చీలో కూర్చున్న మనిషి మొహం చూస్తూ "సార్, మీరు రాలేదు" అంటాడు ఆ కంప్యూటరు కుర్రాడు! అయిదోరోజు పది వేళ్ళూ వరసగా పెట్టి చూస్తే, ఎడమచేతి చిటికెన వేలుకి పచ్చ లైటు వెలిగింది. ఇరవై నాలుగేళ్ళలో ఏ పనీ చెయ్యని వేలు అదొక్కటే. మీ ప్రభుత్వం దాన్నే గుర్తుపట్టింది.

మీ అక్క బాగుంది. నిన్ను చిక్కిపోయావంటోంది, ఫొటోలో చూసి.

బావ


జూన్ 25

బావా,

చిటికెన వేలు సంగతి మా సెక్షన్‌లో చదివి వినిపించాను. అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత మా టైపిస్టు ఆవిడ, "నవ్వుతున్నాం గానీ, ఆ నాలుగు రోజుల హాజరు ఎవరిస్తారు?" అంది. నేను సెంటరుకి ఉత్తరం రాశాను, సరిచేస్తారు.

కోర్సు మీకు తగింది కాదని తెలుసు. అయినా గుడ్డి కన్నా మెల్ల నయం. మీ బ్యాచి వాళ్ళని తీసుకుంటామని పెద్ద షాపులు రెండు మాతో ఒప్పందం రాసుకున్నాయి. మనుషులతో మాట్లాడటం మీకు రాదంటుంది అక్క. పోనీ అదైనా నేర్చుకుంటారు. ఇది హాస్యానికి, కోప్పడకండి.

మధ్యలో మాత్రం మానకండి.

మీ బావమరిది


జూలై 22

బావమరిదికి,

ఈ ఉత్తరం చూసిన వెంటనే జవాబు రాయి. ఫోనులో మాట్లాడితే మీ అక్క వింటుంది, ఆశ పెట్టుకుంటుంది. అది నాకిష్టం లేదు.

నిన్న క్లాసులో నవ్వడం నేర్పారు. నవ్వడమే! కస్టమరు లోపలికి రాగానే మూడు సెకన్లలో నవ్వాలట. అద్దం ఇచ్చి ఒక్కొక్కరినీ నిలబెట్టారు. నా వంతు వచ్చింది. ఆ అమ్మాయి చూసి చూసి, "అంకుల్, మీరు నవ్వుతున్నారా, పన్ను నొప్పా?" అంది. క్లాసంతా గొల్లుమంది, నేనూ నవ్వాను. "ఇదే అంకుల్, ఇదే! ఇలాగే ఉంచండి!" అని ఆ పిల్ల గంతులేసింది. ఉంచమంటే ఎలా ఉంటుందోయ్?

అసలు సంగతి ఇది. మిల్లులో నా కింద పదేళ్ళు హెల్పరుగా చేసినవాడు, పొట్టోడు, సాయంత్రం ఇంటికొచ్చాడు. ఊరి బయట బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు కావాలట. వాళ్ళ కన్వేయరు వారానికి రెండుసార్లు ఆగిపోతోందట. సూపర్‌వైజరు పొట్టోణ్ణి అడిగితే, "నాకన్నా మా గురువుగారు నయం, ఆయన స్క్రూడ్రైవరు చెవికానించి బేరింగు రోగం చెప్పేస్తారు" అన్నాడట. నాతో చెప్పాక చాలాసేపు కదల్లేదు వాడు. వాడికీ పని లేదు కదా. సోమవారం పొద్దున ఎనిమిదికల్లా గేటు దగ్గరుండాలి. ఉంటే నేను, లేకపోతే వాడు.

సెంటరులో అడిగాను. మధ్యలో మానేస్తే పేరు కొట్టేస్తారట, మూడేళ్ళ దాకా ఏ పథకానికీ పనికిరానట. ఇంకా ఏడు వారాలుంది. నాకైతే వెళ్ళిపోవాలనుంది. కానీ ఆ ఫ్యాక్టరీలో ఉత్తర్వు కాగితం ఇవ్వరు, కాంట్రాక్టరు నోటిమాటే. మీ ఆఫీసు చూపించే ఉద్యోగం గట్టిదైతే ఆగుతాను. నీకు లోపలి సంగతులు తెలుసు. వెళ్ళనా, ఉండనా? శనివారానికి అందేలా రాయి.

బావ


జూలై 25

బావా,

ఉండండి. వెళ్ళకండి.

కాగితం లేని ఉద్యోగం, ఆ కాంట్రాక్టరు రేపు పొమ్మంటే ఎవరిని అడుగుతారు? ఏడు వారాలు కళ్ళు మూసుకుంటే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఆ తర్వాత షాపు ఉద్యోగం ఆఫీసు పూచీతో వస్తుంది. మధ్యలో మానితే మూడేళ్ళు తలుపులు మూసుకుపోతాయి. తొందరపడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది.

నా మీద నమ్మకముంచండి. ఈ ఉత్తరం స్పీడ్‌పోస్టులో వేస్తున్నాను.

మీ బావమరిది


ఆగస్టు 11

బావమరిదికి,

ఉన్నాను.

పొట్టోడు ఆ సోమవారమే ఫ్యాక్టరీలో చేరిపోయాడు. వచ్చి నా కాళ్ళకి దండం పెట్టబోతే "వెళ్ళరా, పనికి టైమవుతుంది" అని పంపించేశాను. మొన్న దారిలో కనబడ్డాడు, చేతులకి గ్రీజు. నా చేతులు జేబులో పెట్టుకున్నాను.

ఈ వారం ఖాళీ డబ్బాలు ఎత్తు ప్రకారం సర్దడం నేర్పారు. క్లాసులో ఫ్యాను కీచుమంటుంటే విప్పి బుషింగు మార్చాను. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టించింది. అక్కడ నేర్చుకున్నదానికి కాదు, నాకు ముందే వచ్చినదానికి.

ఇంతే సంగతులు.

బావ


అక్టోబరు 9

బావమరిదికి,

రెండు నెలలు నీకు ఉత్తరం రాయనందుకు మీ అక్క రోజూ పోరుతోంది. రాయడానికి మనసు రాలేదు. రాస్తే ఏదో ఒకటి అనేస్తాను.

ఉద్యోగం ఇచ్చారు. మాట నిలబెట్టుకున్నారు, కాదనను. సెప్టెంబరు ఇరవై రెండు నుంచి పెద్ద షాపులో ఇంటిసామాన్ల విభాగం: బకెట్లు, చీపుళ్ళు, స్టీలు డబ్బాలు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నిలబడే ఉండాలి. కూర్చునే కుర్చీ లేదు, ఆనుకుంటే మేనేజరు దగ్గుతాడు. ఇంటికొచ్చాక మీ అక్క వేడినీళ్ళ బకెట్టు సిద్ధంగా పెడుతోంది. మిల్లులో పన్నెండు గంటలు పని చేశాను గానీ, పని చెయ్యకుండా పదకొండు గంటలు నిలబడటం ఇంత కష్టమని తెలీదు.

అది ఫరవాలేదు. ఇంకో సంగతి చెప్పాలి, నీకే చెప్పాలి.

నిన్న మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కొనడానికొచ్చిందేమో అని నేర్పిన నవ్వు నవ్వాను. ఆవిడ సామాను చూడటం లేదు, అలమర చూస్తోంది. నేను పైవరసలో పెట్టిన పెద్ద డబ్బాలు రెండు చేతులతో దింపి కింద పెట్టింది.

"బరువువి పైన పెట్టకండి అన్నా. పిల్లలు లాగుతారు, మీద పడతాయి" అంది.

"మీరు ఇక్కడ చేసేవారా అమ్మా?"

"నాలుగేళ్ళు. ఈ వరసే. అనుభవం కాగితం కోసం వచ్చాను, పై ఆఫీసులో కూర్చోమన్నారు."

"ఎందుకు మానేశారు?"

ఆవిడ నా చొక్కాకి పెట్టిన బ్యాడ్జీ చూసింది. అందులో పథకం పేరుంది. "మాననంటే మాత్రం ఉంచుతారా? ట్రైనింగ్ నుంచి వచ్చినవాళ్ళకి అరవై రోజులు సగం జీతం ప్రభుత్వం ఇస్తుందట. నాకు అలా ఎవరూ ఇవ్వరు కదా" అని, నా మొహం చూసి, "మీ తప్పేం లేదన్నా" అంది.

ఆ మాట అనకుండా తిట్టినా బాగుండేది. ఒకరి కడుపు కొట్టి నా కడుపు నింపుకోవడానికా నేను మూడు నెలలు నవ్వడం నేర్చుకున్నది? ఈ సంగతి నీకు తెలుసా? తెలిసే పంపావా? తెలియకపోతే కనుక్కో. నీ జవాబు కోసం చూస్తుంటాను.

బావ


డిసెంబరు 12

బావా,

అభినందనలు! ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అక్టోబరులో మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఆడిట్ పనిమీద ఆరు వారాలు వేరే ఊళ్ళో ఉన్నాను. వచ్చాక చదివాను. ఆవిడ సంగతి బాధాకరమే, కానీ షాపువాళ్ళు ఎవరిని తీసేస్తారో మన చేతుల్లో లేదు కదా. మీరు మనసులో పెట్టుకోకండి.

ఇక మంచి కబురు. శిక్షణ అయిన మూడో నెలలో అందరికీ ఫోన్ చేసి "పనిలో ఉన్నారా?" అని కనుక్కుంటాం. మీ బ్యాచి జాబితా నిన్ననే నా బల్లమీదకొచ్చింది. మీ పేరు ఎదురుగా "ఉద్యోగంలో కొనసాగుతున్నారు" అని ఉంది! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా అధికారికి చూపించాను. "మిల్లు ఫిట్టరు, నలభై ఆరేళ్ళు, కొత్త వృత్తి, భేష్! పుస్తకంలో వేద్దాం" అన్నారు. ఏటా విజయగాథలతో ఒక పుస్తకం వేస్తాం. షాపు యూనిఫాంలో మీ ఫొటో ఒకటి, నవ్వుతూ తీయించి పంపండి. నాలుగు వాక్యాలు నేనే రాసేస్తాను.

చూశారా, ఉండమన్నది ఇందుకే.

గర్వంతో,
మీ బావమరిది


డిసెంబరు 16

ఒరే,

పుండు మీద కారం చల్లడం నీ ఆఫీసులో నేర్పారా, పుట్టుకతో వచ్చిందా?

నవంబరు ఇరవై ఒకటిన నాకు పని పోయింది. అరవయ్యొకటో రోజు. ప్రభుత్వం ఇచ్చే సగం జీతం అరవయ్యోరోజుతో అయిపోయింది, ఆ మర్నాడే మేనేజరు దగ్గకుండానే పిలిచాడు. "తర్వాతి బ్యాచి వస్తోందండి" అన్నాడు. నాతో చేరిన ఆరుగురినీ అదేరోజు పంపించేశారు. నెల కావస్తోంది, ఇంట్లోనే ఉన్నాను. నువ్వేమో నవ్వుతూ ఫొటో పంపమంటున్నావు!

మాకెవరూ ఫోన్ చెయ్యలేదు. నన్నెవరూ అడగలేదు. మీరే గదిలో కూర్చుని "కొనసాగుతున్నారు" అని రాసేసుకుని, మీరే భేష్ అనుకుంటున్నారు. అరిచేతిలో వైకుంఠం చూపించడం అంటే విన్నాను, ఇప్పుడు చూశాను.

ఆవిడ గురించి అడిగితే "మన చేతుల్లో లేదు" అన్నావు. నీ చేతుల్లో ఉన్నదేమిటి మరి? జూలైలో నేను వెళ్ళనా ఉండనా అని అడిగితే ఒక్కరోజు ఆలోచించకుండా "ఉండండి" అన్నావు. నా కోసం అన్నావా, నీ లెక్క కోసం అన్నావా? వడ్డించేవాడు మనవాడే అని నమ్మి కూర్చున్నాను.

దీనికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు.


జనవరి 8

బావా,

రాయొద్దన్నా రాస్తున్నాను. మూడు వారాలు ఆగింది ఊరికే కాదు.

మీ ఉత్తరం చదివి ముందు నాకూ కోపమొచ్చింది, నేను అబద్ధం రాశానన్నారని. ఫోన్ స్లిప్పుల కట్ట తీయించాను. మీ స్లిప్పు దొరికింది. డిసెంబరు రెండు, పగలు పదకొండుంపావు. మాట్లాడింది "భార్య". జవాబు: "ఆ, డ్యూటీకి వెళ్తున్నారు." ఫోన్ చేసిన అమ్మాయి విన్నదే రాసింది. ఈ మాట అక్కని అడగండి, కానీ గట్టిగా అడగకండి.

ఒక స్లిప్పు ఇలా ఉంటే మిగతావి ఎలా ఉన్నాయోనని, మీ బ్యాచిలో శిక్షణ పూర్తిచేసిన ముప్ఫై రెండు మందికీ నా సొంత ఫోనులోంచి ఆదివారాలు కూర్చుని ఫోన్ చేశాను. మా లెక్కలో ఇరవై అయిదుగురికి ఉద్యోగం ఉంది. నాతో మాట్లాడింది ఇరవై ఏడు మంది. పనిలో ఉన్నది ఎనిమిది మంది. ఆ ఎనిమిదిలో అయిదుగురు శిక్షణకి ముందు చేసిన పనికే తిరిగి వెళ్ళారు. ఒకాయన అన్నాడు: "ఆటో నడుపుకునేవాణ్ణి సార్. మూడు నెలలు అటు వచ్చేసరికి స్టాండులో నా చోటు ఇంకొకడు తీసుకున్నాడు. ఇప్పుడు రైల్వే గేటు దగ్గర నిలబెడుతున్నా. మీ లెక్కలో నేనేంటి సార్?" మా లెక్కలో ఆయన విజయం, బావా.

పోయిన ఏడాది డెబ్భై ఆరు అని మీకు రాశాను చూడండి. అది ఇలాంటి డెబ్భై ఆరేనేమో, ఇప్పుడు నాకు తెలీదు. టైపు చేశానే గానీ ఒక్కరికీ ఫోన్ చెయ్యలేదు.

ఇక మీరడిగినదానికి. ఇది రాయడానికే ఎక్కువ రోజులు పట్టింది. జూలైకి మీ బ్యాచిలో అప్పటికే ఎనిమిది మంది మానేశారు. నలభైలో ముప్ఫై రెండు మిగిలారు. నూటికి ఎనభై మంది పూర్తి చెయ్యకపోతే ఆ సెంటరు మీద వివరణ రాయాలి, రాయాల్సింది నేను. మీరు వెళ్తే ముప్ఫై ఒకటి. మీరు సెంటరులో అడిగిన సంగతి అప్పటికే మా అధికారికి చేరింది. మీ ఉత్తరం వచ్చినరోజు ఆయన, "ఆ ఫిట్టరు మీ బావేనటగా? కాస్త చెప్పు" అన్నారు. ఉద్యోగం గట్టిదని నేను నిజంగానే నమ్మాను. కానీ ఆ మాట వినకపోయి ఉంటే, రెండు వైపులా ఆలోచించి రాసేవాణ్ణి. ఒక్కరోజు ఆగేవాణ్ణి. ఎక్కువ భాగం మీ కోసమే. కొంత నా కోసం. ఎంతన్నది కొలిచి చెప్పలేను, లెక్కలవాణ్ణయినా.

నా ముప్ఫై రెండు మంది కాగితం అధికారికి ఇచ్చాను. "ఈ కొద్దిమందితో ఏం తేలుతుంది? సంతకం పెట్టి రాసిచ్చినవాళ్ళవి మాత్రం సరిచెయ్యి" అన్నారు. మళ్ళీ ఫోన్లు చేశాను. సంతకం పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రేపు ఇంకో పథకానికి పేరు రాకుండా పోతుందేమోనని భయం. ఆ భయం పెట్టింది మేమే.

మీరు రాసిస్తారా?

బావమరిది


జనవరి 20

బావమరిదికి,

మీ అక్కని గట్టిగానే అడిగాను. నువ్వు వద్దన్నావు, కానీ నోరు ఆగలేదు.

ఆమె అంది: "ఎవరో అమ్మాయి, 'సార్ డ్యూటీకి వెళ్తున్నారా అండీ' అని పలకరింపుగా అడిగింది. పక్కింటావిడ ఇక్కడే కూర్చుని వింటోంది. మా ఆయన ఇంట్లో కూర్చున్నాడని నా నోటితో నేను చెప్పనా?" ఆ టైముకి నేను వెనకగదిలో మీ అక్క కుట్టుమిషను విప్పి కూర్చున్నాను. గోడకి అటు పక్కనే! ఆమె మీద అరిచాను. ఆమె తిరిగి అరవలేదు, అదే నేను భరించలేకపోయాను. నా పరువు కాపాడాలనుకుంది పిచ్చిది, మీవాళ్ళు దాన్ని అంకె చేసుకున్నారు. మీ అక్కనేమనను? నిన్నేమనను?

నువ్వు నిజం రాశావు. అందుకు కోపం తగ్గిందని అనుకోకు. తగ్గలేదు. కానీ నిజం రాసినవాడితో మాట్లాడటం మానెయ్యలేను.

సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి పోయిన వారం సెంటరుకి వెళ్ళాను. మూడో వరసలో ఆవిడ కూర్చుని ఉంది, స్టీలు డబ్బాలు దింపినావిడ. ఖాళీ సబ్బు పెట్టెలు సర్దుతోంది. నాలుగేళ్ళు చేసిన పనికి ఇప్పుడు మూడు నెలల శిక్షణ! నన్ను చూసి, "ఇలా వస్తే గానీ మళ్ళీ తీసుకోరటన్నా" అంది. పాఠాలు సగం ఆవిడే చెప్తోందట. టీచరమ్మాయే చెప్పింది. ఆ పిల్లకి ఇంకా జీతం రాలేదు.

పదిహేడో తారీఖు నుంచి నాకు పని దొరికింది. బిస్కెట్ల ఫ్యాక్టరీలోనే. ఫిట్టరు పొట్టోడే, నేను వాడి కింద హెల్పరుని. వాడే సూపర్‌వైజరు దగ్గర బతిమాలి పెట్టించాడు. అందరి ముందూ "గురువుగారూ, ఆ పానా అందుకోండి" అంటాడు. "గురువుగారూ" అనకురా అంటే వినడు. పానా అందిస్తున్నాను. నిన్న కన్వేయరు ఆగితే వాడు ఎటు చూస్తున్నాడో, తప్పెక్కడుందో నాకు కనబడుతూనే ఉంది. చెప్పనా వద్దా అని నిలబడ్డాను. చివరికి వాడే, "మీరొకసారి చెవి పెట్టి చూడండి" అన్నాడు. చూశాను. పది నిమిషాల్లో తిరిగింది. మెప్పు మాత్రం వాడికే రావాలి, వాడి ఉద్యోగం కదా. ఆ చోట నేను ఉండాల్సిందని ఒకసారి అనిపించింది, మళ్ళీ సిగ్గేసింది.

రాసిచ్చిన కాగితం జత చేస్తున్నాను. పూర్తిగా నిజమే రాశాను: నవంబరు ఇరవై ఒకటిన పని పోయిందనీ, దాదాపు రెండు నెలలు ఖాళీగా ఉన్నాననీ, ఇప్పుడు దొరికిన పని నా పాత పనివల్ల, ఒక స్నేహితుడివల్ల దొరికిందే గానీ శిక్షణవల్ల కాదనీ. సంతకం పెట్టాను. ఆ జాబితాలోంచి నా పేరు తీసెయ్.

బావ


ఫిబ్రవరి 4

బావా,

మీ కాగితం అధికారి బల్లమీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. ఆఖరి వాక్యం దగ్గర వేలు పెట్టి, "అయితే ఇప్పుడు పనిలోనే ఉన్నాడుగా!" అన్నారు.

"ఉన్నారు సార్. కానీ శిక్షణవల్ల కాదని ఆయనే రాశారు. పైగా ఇదే ఫ్యాక్టరీలో ఇంతకన్నా మంచి ఉద్యోగం ఆరునెలల కిందటే వచ్చేది. మన మూలానే పోయింది."

"ఫారం తియ్యి. ఆ గడిలో ఏముందో చదువు."

చదివాను. 'ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నారా? అవును, కాదు.'

"ఎందుకు ఉన్నాడని అడిగిందా? ఎవరివల్ల అని అడిగిందా? లేదుగా. ఇదివరకు ఉన్న 'అవును' తప్పయితే ఇప్పుడు నిజమైంది. సంతోషించు. కాగితం ఫైల్లో పెట్టు" అని వేరే ఫైలు తీసుకున్నారు. చెడ్డమనిషి కాదు బావా. ఆయన పైన కూడా ఇలాంటి గడులే ఉన్నాయి.

ఆవిడ గురించి కూడా అడిగాను. శిక్షణ పొందినవాళ్ళ మూలంగా పని పోయినవాళ్ళని ఎక్కడ రాయాలి సార్ అన్నాను. అలాంటి గడి లేదన్నారు. ఏప్రిల్‌లో ఆవిడ కూడా మా జాబితాలోకి వస్తుంది. అదే షాపు, అదే వరస, అరవై రోజులు. నిరుద్యోగి, శిక్షణ పొందినది, ఉద్యోగం పొందినది. మీరు షాపులో ఆవిణ్ణి చూసిన నాటి సంగతి ఎక్కడా ఉండదు.

విజయగాథల పుస్తకంలోంచి మాత్రం మిమ్మల్ని తీయించగలిగాను. మీ చోట ఇంకెవరినో వేస్తారు.

మా ఏడాది నివేదిక ఈ రోజు అచ్చుకి వెళ్ళింది. అంతకుముందు, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, ఆఖరి ప్రతి నా దగ్గరుంది. జాబితాలో మీ పేరు వెతికి పట్టుకుని, దాని మీద గీత కొట్టి, పక్కన నా పొట్టి సంతకం పెట్టి, మీ కాగితం నకలు పిన్నుతో గుచ్చాను. ఎవరైనా చూస్తే అడుగుతారు, అడిగితే చెప్తాను. మార్చిలో నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. రాస్తారో లేదో తెలీదు. ఈ మాట అక్కకి చెప్పకండి.

గీత కొట్టాక మొత్తం మళ్ళీ కూడి చూశాను. రెండు వేల ఒక వంద మందిలో ఒకరు తగ్గారు. నూటికి డెబ్భై ఎనిమిది ఉండేది. డెబ్భై ఎనిమిదే ఉంది.

మీ బావమరిది